అరవై దగ్గర ముల్లు

సిరికొండ
ఫిబ్రవరి 4

తమ్ముడు భూమేష్‌కు,

నా ఫోన్ ఎందుకు కలవడం లేదో అని నువ్వు అనుకుంటూ ఉంటావు. నేనే ఆపేసి పెట్టెలో పెట్టాను. బోధన్‌లో ఉన్నన్నాళ్ళూ అది మోగితే చాలు, "ఎట్లయింది ముత్తన్నా, ఎంత స్పీడుల ఉన్నవు?" అన్న మాటే వినవలసి వచ్చేది. అందుకని ఇంటికి తాళం వేసి బిడ్డ రుచిత దగ్గరికి వచ్చాను. సిరికొండలో నన్ను డ్రైవర్‌గా ఎరిగినవాళ్ళు లేరు. రుచిత అత్తగారింటి పసుపు కల్లంలో ఎండబెట్టిన కొమ్ములు తిరగేస్తూ పొద్దు పుచ్చుతున్నాను.

జరిగింది నలుగురి నోటా నీకు తెలిసే ఉంటుంది. నా నోట ఒకసారి విను. జనవరి పదిహేడు, బుధవారం. ట్రస్టు వాన్‌లో ఆరుగురు కిడ్నీ రోగులను డయాలసిస్‌కు బోధన్ నుంచి నిజామాబాద్ తీసుకువస్తున్నాను. ఎడపల్లి దాటాక మలుపులో చెరకు లోడు ట్రాక్టర్ రోడ్డు మీదే ఆగి ఉంది. బ్రేకు తొక్కాను. బండి నేను అనుకున్న చోట ఆగలేదు. ట్రాక్టర్‌ను తప్పించబోతే పక్క కాలువలోకి దిగి ఒరిగిపోయింది. దేవుడి దయ, ప్రాణాలు పోలేదు. కానీ నా వెనక సీటులో కూర్చునే రేణుకమ్మకు కుడి మణికట్టు విరిగింది. వారానికి మూడు రోజులు ఆస్పత్రిలో పడుకుని, మిగతా రోజులు బీడీలు చుట్టే మనిషి. ఆ చెయ్యి ఇక కత్తెర పట్టదని డాక్టరు చెప్పాడట.

ట్రస్టు సెక్రటరీ మార్కండేయ గారు నన్ను పిలిపించారు. ప్రమాదానికి ఐదు నిమిషాల ముందు పోలీసుల కెమెరాకు చిక్కిన ఫొటో బల్ల మీద పెట్టారు. మన వాన్. కింద అంకె డెబ్బై నాలుగు. రోగులతో ఉన్నప్పుడు అరవై దాటకూడదని ట్రస్టు నియమం. నాలుగేళ్ళలో నేను ఒక్కనాడూ దాటలేదు.

"సార్, ముల్లు అరవై మీదనే ఉండె" అన్నాను.

ఆయన ఫైలులోంచి, దసరా ముందు నీ మీటరు దుకాణంలో నువ్వు రాసిచ్చిన కాగితం తీశారు. 'స్పీడోమీటరు పరీక్షించితిమి, సరిగా ఉన్నది' అని నీ రాత, నీ స్టాంపు, నీ సంతకం. "గీ కాగితం అబద్ధమా, నువ్వు అబద్ధమా ముత్తన్నా?" అని అడిగారు.

నీ కాగితం అబద్ధమని నేనెలా అంటాను? తల వంచుకుని బయటికి వచ్చాను. మర్నాటి నుంచి రావద్దన్నారు.

తమ్మీ, నిన్ను శంకించి రాయడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. మీటరు ఒకరోజు బాగుండి, ఇంకోరోజు తప్పు చూపడం ఉంటుందా? ఉంటే ఉందని రాయి. లేకపోతే లేదని రాయి. ముప్పై ఏళ్ళ డ్రైవింగ్‌లో నా కళ్ళే నన్ను మోసం చేశాయని నమ్ముతాను.

నీ అన్న,
ముత్తన్న

*

కంఠేశ్వర్, నిజామాబాద్
ఫిబ్రవరి 16

ముత్తన్నకు నమస్కరించి రాయునది,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. పని ఒత్తిడి వల్ల ఆలస్యమైంది, మరోలా అనుకోకు. ఈమధ్య అన్నీ అంకెలు వెలిగే మీటర్లే వస్తున్నాయి. ముల్లు మీటర్లు బాగు చేసేవాళ్ళు జిల్లాలో తగ్గిపోయి, అందరూ నా దగ్గరికే వస్తున్నారు. దానికి తోడు దుకాణం ముందు రోడ్డు తవ్వారు. దుమ్ము కొట్టుకుపోతున్నాం.

నీకు అలా జరగడం విని చాలా బాధ కలిగింది. బోధన్ వర్క్‌షాపులో నన్ను మొదట పనికి పెట్టించినవాడివి నువ్వు. నీ కష్టం నా కష్టం కాదా?

నువ్వు అడిగిన సంగతి. మీటరు నేను చూసినప్పుడు బాగానే ఉంది. ఇవి బయటి దేశపు బండ్లు, వీటి సంగతులు వేరు. అయినా బాగానే ఉంది. అన్నా, మన కళ్ళు కూడా ముప్పై ఏళ్ళ కిందటి కళ్ళు కావు కదా. పొద్దుటి ఎండ మీటరు గాజు మీద పడితే డెబ్బై నాలుగు అరవైలా కనబడవచ్చు. అది ఎవరికైనా జరుగుతుంది. దానికి నువ్వు తప్పు చేశానని కుమిలిపోవద్దు.

ఆరోగ్యం చూసుకో. రుచితను అడిగానని చెప్పు.

భూమేష్

*

సిరికొండ
మార్చి 5

తమ్మీ,

నీ జవాబు చదివాక మనసు ఒకవైపుకు వచ్చింది. అటో ఇటో తేలకుండా ఊగడం కన్నా ఇది నయం. నువ్వు బాగుందన్నావు కాబట్టి బాగుంది. చూపు నాది తప్పింది.

అలా అనుకున్నాక రేణుకమ్మకు ముఖం చూపించకుండా ఉండడం న్యాయం కాదనిపించింది. నిన్న బస్సెక్కి బోధన్ వెళ్ళాను. ఆమె ఇంటి ముందు నలుగురు ఆడవాళ్ళు కూర్చుని బీడీలు చుడుతున్నారు. ఆమె ఒళ్ళో చాట లేదు. పట్టీ వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళకు ఎడమ చేత్తో ఆకు అందిస్తోంది. నన్ను చూసి లేచి పీట వేసింది. నేను కూర్చోలేదు.

"అమ్మా, ఆరోజు నేను జోరుగ తోలిన. తోలి, తోల్లేదని సార్ ముంగట అబద్ధం చెప్పిన. నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను.

"అన్నా, గట్లెందుకంటవు? నేను నీ ఎనుక సీట్ల కూసున్న. నాకు బండంటే భయం. ఎక్కినకాడికెల్లి దిగేదాంక ముల్లే సూస్కుంట కూసుంట. అరవై కాడనే ఉన్నది. నేను సూసిన" అంది.

తమ్మీ, ఆ మాట వింటుంటే నాకు ఎంత ప్రాణం లేచివచ్చిందో రాయలేను. కానీ నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. "లేదమ్మా, మీటర్ తెలిసినోడు చెప్పిండు. ఎండకు అట్ల కనబడ్డది. నీకు కూడ గట్లనే కనబడ్డది" అన్నాను.

ఆమె చేతిలో ఉన్న ఆకు కింద పెట్టి, "నాకు సదువు రాదు గదన్నా. అంకెలు తప్పు సూసిన్నేమో" అంది. పక్కన ఉన్నామె నవ్వింది. అప్పటిదాకా రేణుకమ్మ ఈ మాట అందరికీ చెబుతూ వచ్చిందట, ముత్తన్న తప్పు లేదని. నవ్విన మనిషే నాకు ఆ సంగతి చెప్పింది.

ఒప్పుకుంటే బరువు దిగుతుందంటారు. నాకు దిగలేదు. ఎందుకో తెలియదు.

లైసెన్సు రుచితకు ఇచ్చి దాచమన్నాను. ఇక స్టీరింగు పట్టను.

ముత్తన్న

*

కంఠేశ్వర్, నిజామాబాద్
ఏప్రిల్ 7

అన్నా,

నెల రోజుల్లో ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఫోన్లో అయితే చెప్పలేను. కాగితం మీద నా ముఖం నీకు కనబడదు, అదొక్కటే ధైర్యం.

నేను ఆ మీటరును పరీక్షించలేదు.

నువ్వు దసరా ముందు బండి తెచ్చావు, గుర్తుందా? "తమ్మీ, అరవై మీద పోతున్నా చెట్లు జరంత జల్ది వెనక్కి పోతున్నయి, ఒకసారి సూడు" అన్నావు. పక్కన మార్కండేయ గారు ఉన్నారు. ఆయనతో, "నిజామాబాద్‌ల మా భూమేష్ చూడని మీటర్ లేదు సార్" అన్నావు. మీరిద్దరూ చాయ్‌కు వెళ్ళాక మీటరు ఊడదీశాను. ట్రస్టుకు దానంగా బ్రిటన్ నుంచి వచ్చిన బండి. అటువంటిది నేను జన్మలో విప్పలేదు. డయల్ మీద ఇంకో డయల్ అతికించి ఉంది. అంచు ఒకచోట లేచి, కింద వేరే అంకెలు కనిపించాయి. ఎక్కడో ఏదో మతలబు ఉందని అప్పుడే తెలిసింది. పీకితే చిరుగుతుందేమో, చిరిగితే మళ్ళీ వెయ్యగలనో లేదో అని భయపడ్డాను. బండిని రోడ్డెక్కించి గడియారం పెట్టుకుని చూస్తే పావుగంటలో తేలేది. కానీ తేడా వస్తే బాగు చెయ్యాలి కదా. బాగు చెయ్యడం నాకు రాదు. నాకు రాదని మీ ఇద్దరి ముందు అనలేకపోయాను. కేబుల్‌కు నూనె వేసి బిగించాను. కాగితం రాసి స్టాంపు వేశాను. మీరు చాయ్ తాగి వచ్చేసరికి అయిపోయింది.

ఆ తరువాత నీ మొదటి ఉత్తరం. దానికి నేను రాసిన జవాబు. ఎండ, గాజు, నీ కళ్ళు. రాస్తున్నప్పుడే నా చెయ్యి నాది కాదనిపించింది, అయినా పోస్టు చేశాను.

రేణుకమ్మ మాట చదివాక కూడా మూడు వారాలు ఊరుకున్నాను. ఊరుకుని ఉండేవాణ్ణేమో. గత సోమవారం దుకాణం ముందు నుంచి అదే వాన్ పోయింది. బాగు చేయించి మళ్ళీ తిప్పుతున్నారు. కొత్త డ్రైవర్ అరుణ్. కిటికీలకు ఆనుకుని రోగులు. ఆ కుర్రవాడు కూడా అరవై అనుకుంటూ అదే ముల్లును చూస్తూ పోతున్నాడు.

మర్నాడు బోధన్ వెళ్ళి, మీటరు మళ్ళీ చూస్తానని మార్కండేయ గారిని అడిగాను. ఖాళీ బండి తీసుకుని జానకంపేట వైపు వెళ్ళాం. అరుణ్ తోలాడు. ముల్లు అరవై మీద నిలిపి, ఒక కిలోమీటరు రాయి దగ్గర గడియారం నొక్కి తరువాతి రాయి దగ్గర ఆపాను. గంటకు అరవై అంటే కిలోమీటరుకు అరవై సెకన్లు పట్టాలి. నలభై తొమ్మిది పట్టింది. మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. అరుణ్ ఫోనులో చూస్తే డెబ్బై మూడు. ఆ పోలీసు ఫొటో అబద్ధం చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు.

లోపం రెండు చోట్ల ఉంది. అసలు డయల్ మైళ్ళది, నూరు మైళ్ళ వరకు. అంటే నూట అరవై కిలోమీటర్లు. ఇక్కడి లెక్కకు మార్చాలని ఎవరో నూట నలభై వరకే గీతలున్న డయల్ తెచ్చి దాని మీద అతికించారు. నూట అరవై ఉండాల్సిన చోట నూట నలభై పడింది, అందువల్ల ముల్లు ఎప్పుడూ తక్కువే చూపుతుంది. పైగా అసలు కొలత టైర్లు దొరకక కొంచెం పెద్దవి వేయించారు. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. రెండూ కలిసి అరవై దగ్గర పదమూడు దాచాయి.

ఇప్పుడు సరిచేశాను. అతికించినది పీకేశాను. హైదరాబాద్ నుంచి సరైన కొలత టైర్లు తెప్పించారు. ఒక్కొక్క వేగం దగ్గర గడియారంతో కొలిచి, గుర్తులు పెట్టుకుని, కొత్త డయల్ గీసి అచ్చు వేయించాను. నిన్న చూస్తే కిలోమీటరుకు సరిగ్గా అరవై సెకన్లు. నాకు రాదనుకున్న పని ఇదే. నాలుగు రోజుల్లో వచ్చింది.

ఇంకొకటి దాచకుండా రాస్తున్నాను. తేడా చూసి మార్కండేయ గారు, "యాక్సిడెంట్ల మీటర్ కరాబైనట్టున్నది, పాపం" అన్నారు. నేను కాదనలేదు. తల ఊపాను. అలాగే ఉండనిస్తే దుకాణం పేరు నిలుస్తుంది. నీకు నిజం చెప్పాను కదా అన్నా. నీకు తెలిస్తే చాలదా?

భూమేష్

*

సిరికొండ
ఏప్రిల్ 13

భూమేష్ గారికి,

మీ ఉత్తరం అందింది.

నాకు తెలిస్తే చాలదు. నా ఉద్యోగం సంగతి పక్కన పెట్టండి. నేను రేణుకమ్మ వాకిట్లో నిలబడి, ఆమె కళ్ళతో చూసినది చూడలేదని నమ్మించి వచ్చాను. నలుగురి ముందు ఆమె నవ్వులపాలైంది. అది మీ ఉత్తరం పట్టుకుని చేసిన పని. ఆమెకు చదువు రాదు, మీకు నాకు వచ్చు. చదువు రాని మనిషి చూసింది నిజం, చదువుకున్న మనం రాసుకున్నది అబద్ధం.

అది మీరు వెళ్ళి వెనక్కి తీసుకోవాలి. ఆమె ముందు, మార్కండేయ గారి ముందు. నన్ను పిలవవద్దు.

వెళ్తే రాయండి. వెళ్ళకపోతే రాయవద్దు.

ముత్తన్న

*

కంఠేశ్వర్, నిజామాబాద్
ఏప్రిల్ 25

ముత్తన్నకు,

వెళ్ళాను.

నిన్న బుధవారం. వాన్ బయలుదేరే వేళకు బోధన్ చేరాను. రోగులు ఎక్కి కూర్చున్నారు. మార్కండేయ గారు పేర్లు చూసుకుంటున్నారు. పక్కకు రమ్మని పిలిస్తే చెప్పడం సులువయ్యేది. పిలవలేదు. తలుపు దగ్గర నిలబడి అందరికీ వినబడేలా చెప్పాను, మీటరు ప్రమాదంలో చెడలేదని, ముందు నుంచే తప్పని, నేను చూడకుండా సంతకం పెట్టానని, ముత్తన్న చెప్పింది నిజమని.

మార్కండేయ గారి ముఖం నల్లబడింది. "టెస్ట్ చేసిననాడే ఎందుకు చెప్పలే?"

"సిగ్గయింది సార్."

"గా సిగ్గు సంతకం పెట్టేటప్పుడు ఎటు పోయింది?"

నేలవైపు చూస్తూ నిలబడ్డాను. అరుణ్ కూడా నన్నే చూస్తున్నాడు. మొన్న నాలుగు రోజులూ నన్ను 'ఉస్తాద్' అని పిలిచిన పిల్లవాడు.

అప్పుడు రేణుకమ్మ కిటికీలోంచి, "అంటే నేను సూసింది నిజమేనా?" అని అడిగింది.

"నిజమే అమ్మా. ముల్లు అరవై కాడనే ఉండె. ముల్లే తప్పు."

తన చెయ్యి గురించి అడుగుతుందనుకున్నాను. అడగలేదు. పక్కనున్న ఆమెతో, "నేను సెప్పలే?" అంది. మళ్ళీ నా వైపు తిరిగి, "మరి ముత్తన్నను మల్ల ఎవలు తోల్కొస్తరు?" అంది. తిట్టి ఉంటే బాగుండేది అన్నా.

ట్రస్టుకు కాగితం రాసిచ్చాను. 'ఆ రోజు నేను ఈ మీటరును పరీక్షించలేదు. పరీక్షించినట్టు రాశాను.' రెండు వాక్యాలు రాయడానికి అరగంట పట్టింది. పాత స్టాంపే వేశాను. నీకు మార్కండేయ గారు విడిగా రాస్తామన్నారు. ఊరంతా పాకింది. ఈరోజు దుకాణానికి ఇద్దరు వచ్చి, మీటర్లు ఇవ్వకుండా చూసి వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పు లేదు.

నన్ను క్షమించమని అడగడానికి చెయ్యి రావడం లేదు. అందుకే అడగడం లేదు.

భూమేష్

*

బోధన్
మే 14

భూమేష్,

మార్కండేయ గారు స్వయంగా సిరికొండ వచ్చారు. రుచిత అత్తగారింటి అరుగు మీద కూర్చుని, తప్పు తమదీ ఉందన్నారు. మళ్ళీ రమ్మన్నారు. నేను రానన్నాను. ఆయన ఇంకోసారి అడగకుండా, "రేణుకమ్మ రెండు దఫాలు డయాలసిస్‌కు పోలే. ముత్తన్న తోల్తెనే ఎక్కుత అంటున్నది" అన్నారు. నీకు తెలుసు కదా, ఆ మనుషులు రెండు దఫాలు పోకపోతే ఏమవుతుందో. రుచిత లోపలికి వెళ్ళి లైసెన్సు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే బయలుదేరాను.

నీ మీద కోపంతో ఒక సంగతి దాచాను. అది నీకు రాయాలి. నువ్వు కాగితం ఇచ్చాక కూడా నాకు అనుమానం పోలేదు. అరవై మీదే తోలుతున్నా నిజామాబాద్‌కు నాలుగైదు నిమిషాలు ముందే చేరేవాణ్ణి. ఆస్పత్రిలో నర్సులు, "ముత్తన్న ఉంటే టైముకు ఫికర్ లేదు" అనేవాళ్ళు. ఆ మాట నాకు తియ్యగా ఉండేది. బండి అడుగున చక్రం చప్పుడు, పక్కన చెరకు తోటలు పోయే తీరు, అన్నీ ఎక్కువ వేగమని చెబుతూనే ఉన్నాయి. నేను ముల్లును నమ్మానని అందరికీ చెప్పాను. నమ్మలేదు. నమ్మితే నాకు మేలు కాబట్టి ఊరుకున్నాను. నీ దగ్గర కాగితం తెచ్చుకున్నది కూడా, ఇక ఆ భారం నాది కాదనుకోవడానికే కావచ్చు.

ఇది నిన్న రేణుకమ్మకు చెప్పాను. వాన్ బయలుదేరకముందు, ఆమె ఇంకా మెట్టు ఎక్కకముందు. చెప్పి, "ఇప్పుడు కూడా ఎక్కుతవా?" అని అడిగాను.

"నాకు తెల్సన్నా. ముల్లు సూస్తుంటి, నీ మొఖం గూడ సూస్తుంటి. నువ్వు ఖుషీగ తోలుతుంటివి. నేను గూడ జల్ది పోతె జల్ది ఇంటికొస్త అనుకుంటి. నడువుండ్రి, ఎండైతున్నది" అని ఎక్కింది.

నలభై మీద తోలాను. వెనక నుంచి లారీలు హారన్లు కొట్టి దాటిపోయాయి. ఎడపల్లి మలుపు దగ్గర ఇంకా తగ్గించాను. ఆస్పత్రికి పావుగంట ఆలస్యంగా చేరాం. నర్సు విసుక్కుంది. ఇప్పుడు నాకు తోడుగా వస్తున్న అరుణ్ వెనక తలుపు దగ్గర మిగతావాళ్ళను దించుతున్నాడు. రేణుకమ్మ కుడి చెయ్యి కొంగులో పెట్టుకుని, ఎడమ చేత్తో తలుపు కమ్మీ పట్టుకుని, ఒక్కతే దిగడానికి తంటాలు పడింది. నేను దిగి చెయ్యి అందించాలి. అద్దంలో చూస్తూ కూర్చున్నాను. లేవలేకపోయాను. ఆ చేతిని ముట్టుకునే ముఖం నాకు లేదనిపించింది.

అందుకే రాస్తున్నాను. నువ్వు బుధవారం ఆరు గంటలకు బోధన్ రా. మీటరు చూడడానికి కాదు, అది బాగానే ఉంది. ఆమె పక్క సీటు ఖాళీగా ఉంటుంది, అందులో కూర్చో. దారిలో ఏమీ మాట్లాడకు. ఆస్పత్రి దగ్గర నువ్వు అటు నుంచి దిగు, నేను ఇటు నుంచి దిగుతాను. ఇద్దరం ఉంటే ఆమెను దించగలం.

ముత్తన్న